వృద్ధుల వైద్యం అనుభవంతో అదే వస్తుందా?
(హౌస్‌సర్జన్లు, పీజీ విద్యార్థుల సదస్సులో ఒక జెరియాట్రిక్స్ వైద్యుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

వేదిక మీది పెద్దలకు, ప్రొఫెసర్లకు, హౌస్‌సర్జన్లకు, పీజీ విద్యార్థులకు నమస్కారం. వెనక వరుసల్లో డాక్టర్లు కానివాళ్ళు కూడా ఉన్నారని చెప్పారు. ఇంట్లో అమ్మానాన్నలనో అత్తమామలనో చూసుకుంటున్నవాళ్ళట. నా నోట అర్థం కాని మాట ఏదైనా వస్తే మొహమాటపడకుండా చెయ్యెత్తండి, ఆపి చెబుతాను.

జెరియాట్రిక్స్ ఫెలోషిప్, అంటే వృద్ధుల వైద్యంలో డాక్టర్లకిచ్చే ప్రత్యేక శిక్షణ గురించి మాట్లాడమన్నారు. ఈ ఊసు ఎత్తగానే సీనియర్ ఫిజీషియన్లు అడిగే ప్రశ్న ఒకటే. "మా ఓపీలో సగం మంది ముసలివాళ్ళేనయ్యా. ఏళ్ళ తరబడి వాళ్ళనే చూస్తున్నాం. మళ్ళీ దీనికో ట్రైనింగ్ ఎందుకు?" ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. ఇవాళ నేను చెప్పేదంతా దీనికి జవాబే.

ఓపీలో ఒక పెద్దావిడ మన ముందు కూర్చునేది నాలుగైదు నిమిషాలు. బీపీ చూస్తాం, షుగర్ కాగితం చూస్తాం, మందు మారుస్తాం. ఆవిడ ఇంటికి వెళ్ళాక ఆ మందుతో ఏమైంది? రాత్రి లేచి బాత్‌రూమ్‌కి వెళ్తూ పడిందా? అన్నం తినడం మానేసిందా? ఆ కబురు మనదాకా రాదు. పడి తుంటి ఎముక విరిగితే ఆర్థోపెడిక్ వార్డుకి వెళ్తుంది, మన దగ్గరికి రాదు. చేసిన పని ఫలితం కంటపడనప్పుడు ఎన్నేళ్ళు చేసినా అలవాటు బలపడుతుందే తప్ప నైపుణ్యం రాదు. ఆ ఫలితాన్ని కళ్ళముందు పెట్టి, పక్కన ఒక గురువును కూర్చోబెట్టి, ఒకే మనిషిని ఏడాది పొడుగునా చూడమనడమే ఫెలోషిప్.

కాస్త చరిత్ర చెబుతాను. 1935లో లండన్ శివార్లలోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో మార్జరీ వారెన్ అనే డాక్టరమ్మ ఉండేవారు. పక్కనే ఉన్న వర్క్‌హౌస్ ఆసుపత్రిని కూడా ఆవిడకే అప్పజెప్పారు. వర్క్‌హౌస్ అంటే దిక్కులేని పేదలను ఉంచే చోటు. అక్కడ 714 మంది మంచాల మీద ఉన్నారు. ఏళ్ళ తరబడి మంచం దిగనివాళ్ళు, ఇక నయం కారని తీర్మానించి వదిలేసినవాళ్ళు. ఆవిడ ఒక్కొక్కరినీ కూర్చుని పరీక్షించారు. ఎవరికి ఏ జబ్బు, ఎవరు నడవగలరు, ఎవరికి నిజంగా పడక అవసరం అని విడదీశారు. లేపి కూర్చోబెట్టారు, నడిపించారు, గోడలకు వెలుతురు రంగులు వేయించారు. చాలామంది లేచి ఇళ్ళకు వెళ్ళారు. చివరికి 240 పడకలతోనే సరిపోయింది. వాళ్ళను మంచానికి కట్టిపడేసింది వయసు కాదు, ఎవరూ పరీక్షించకపోవడం. బ్రిటన్‌లో జెరియాట్రిక్స్ ఒక శాఖగా నిలబడటానికి ఆవిడ పనే పునాది.

ఇంకొకటి చెబుతాను, పీజీలు రాసుకోండి. 1984లో లాస్ ఏంజిలిస్ దగ్గర సెపల్వెడా అనే చోట, మాజీ సైనికుల ఆసుపత్రిలో చేసిన ఒక ట్రయల్ ఫలితాలను లారెన్స్ రూబెన్‌స్టీన్ బృందం అచ్చు వేసింది. బలహీనంగా ఉన్న పెద్దవాళ్ళలో కొందరిని మామూలు వైద్యానికి, కొందరిని జెరియాట్రిక్స్ యూనిట్‌కి పంపారు. ఏడాది తర్వాత చూస్తే మామూలు వైద్యంలో 48.3 శాతం మంది చనిపోయారు, జెరియాట్రిక్స్ యూనిట్‌లో 23.8 శాతం. అంటే సగం. కొత్త మందు లేదు, కొత్త మిషను లేదు. డాక్టరు, నర్సు, సోషల్ వర్కరు, ఫిజియోథెరపీవాళ్ళు కలిసి మనిషిని పూర్తిగా చూసి, ఒక ప్రణాళిక వేసుకుని, దాన్ని వెంటాడారు, అంతే. చిన్న ట్రయల్ అది, తర్వాత వచ్చిన పెద్ద అధ్యయనాల్లో తేడా ఇంత ఎక్కువగా రాలేదు. కానీ ఇలా చూస్తే ఎక్కువమంది తిరిగి సొంతింటికే వెళ్ళి బతుకుతారన్నది నిలబడింది. ఇదే మనం నేర్పాల్సిన విద్య.

అమెరికాలో దీన్ని ఎలా నేర్పుతారో చెబుతాను. అక్కడికి వెళ్దామనుకునేవాళ్ళు మీలో ఉన్నారు కాబట్టే చెప్పడం. 1960లలో న్యూయార్క్‌లో లెస్లీ లిబో మొదలుపెట్టిన శిక్షణ అది. 1988 నుంచి బోర్డు పరీక్ష ఉంది. ఇంటర్నల్ మెడిసిన్‌లోనో (మన జనరల్ మెడిసిన్ లాంటిది) ఫ్యామిలీ మెడిసిన్‌లోనో మూడేళ్ళ రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకునే పీజీ శిక్షణ అయ్యాక పన్నెండు నెలలు. ఆ పన్నెండు నెలల్లో వార్డు కన్సల్టేషన్లు ఉంటాయి, వృద్ధుల మానసిక వైద్యం ఉంటుంది, పాలియేటివ్ కేర్, అంటే నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే వైద్యం ఉంటుంది, మళ్ళీ సొంతంగా తిరిగేలా చేసే రీహాబిలిటేషన్ ఉంటుంది. వీటన్నిటి కంటే నాకు ముఖ్యంగా తోచేది, ఏడాది పొడుగునా ఆగకుండా సాగే రెండు పనులు. ఒకటి, ప్రతివారం అదే క్లినిక్‌లో అదే పేషెంట్లను చూడటం. రెండోది, నర్సింగ్ హోమ్‌లో కొందరు పెద్దవాళ్ళ బాధ్యత మొత్తం ఫెలోదే, అంటే ఈ శిక్షణ పొందుతున్న డాక్టరుదే కావడం. అక్కడ నర్సింగ్ హోమ్ అంటే మన ప్రైవేటు ఆసుపత్రి కాదు, పెద్దవాళ్ళు దీర్ఘకాలం ఉండిపోయే చోటు. జనవరిలో రాసిన మందు మార్చిలో ఆ మనిషిని ఏం చేసిందో ఫెలోకి కళ్ళారా కనిపిస్తుంది.

ఇంత మంచి శిక్షణ ఉన్నా అక్కడ ఏటా సగానికి సగం సీట్లు ఖాళీగా పోతున్నాయి. ఇంకో ఏడాది చదివిన జెరియాట్రిషియన్‌కి, చదవని మామూలు ఇంటర్నల్ మెడిసిన్ డాక్టరు కంటే జీతం ఎక్కువ ఉండదు, ఒక్కోసారి తక్కువే. గంటసేపు మాట్లాడితే వచ్చే ఫీజు కంటే పది నిమిషాల ప్రొసీజర్‌కి వచ్చే ఫీజు ఎక్కువ. నిండిన సీట్లలో చాలా వాటిలో బయటి దేశాల నుంచి వెళ్ళినవాళ్ళే ఉంటారు, మన తెలుగు పిల్లలు కూడా. వాళ్ళంటే నాకు గౌరవం. వాళ్ళలో కొందరైనా ఏడాదికో నెల ఇక్కడికొచ్చి మన పీజీలకు పాఠం చెప్పాలని నా కోరిక.

ఇప్పుడు ఫెలో నేర్చుకునేది ఏమిటో ఒక కేసుతో చూద్దాం. ఇది ఒక్కరి కథ కాదు. ఇలాంటివాళ్ళు మా క్లినిక్‌కి వస్తూనే ఉంటారు, వాళ్ళందరినీ కలిపి ఒకరిగా చెబుతున్నాను.

78 ఏళ్ళ మామ్మగారు. కొడుకు వీల్‌చెయిర్‌లో తోసుకొచ్చాడు. "ఏడాది కిందటిదాకా గుడికి నడిచే వెళ్ళేదండీ. పార్కిన్సన్స్ అన్నారు. ఇప్పుడు రాత్రిళ్ళు మా నాన్నగారు గుమ్మంలో నిలబడ్డారంటోంది. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది" అన్నాడు. మేం ఫెలోకి నేర్పే మొదటి అలవాటు, మందుల సంచి బల్ల మీద గుమ్మరించడం. డిశ్చార్జి సమ్మరీలో ఉన్నవి చూస్తే చాలదు. ఆవిడ నోట్లోకి ఏవి వెళ్తున్నాయో అవి కావాలి. షాపులో అడిగి తెచ్చుకున్నవి, పక్కింటావిడ ఇచ్చినవి, అన్నీ.

గుమ్మరించి, ఏ మాత్ర ఎప్పుడు మొదలైందో కొడుకుని అడుగుతూ వరుసగా పేర్చమంటాం. బీపీకి ఆమ్లోడిపిన్. ఆ తర్వాత కాళ్ళ వాపులకి ఫ్రూసెమైడ్. ఆ వాపు ఆమ్లోడిపిన్ వల్ల వచ్చిందే. ఫ్రూసెమైడ్‌తో ఒంట్లో నీరు తగ్గి, లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్ళు తిరిగాయి. కళ్ళు తిరుగుతున్నాయని ప్రోక్లోర్‌పెరాజిన్. ఐదు రోజులకు రాసినది, ఆపమని ఎవరూ చెప్పక నెలల తరబడి వేసుకుంటూనే ఉంది. దాంతో చేతులు బిగుసుకుపోయాయి, పాదాలు ఈడుస్తూ నడక. అది చూసి పార్కిన్సన్స్ అని లెవోడోపా, ట్రైహెక్సీఫెనిడిల్. ట్రైహెక్సీఫెనిడిల్‌తో నోరు ఎండిపోవడం, మలబద్ధకం, రాత్రిళ్ళు లేని మనుషులు కనిపించడం. నిద్రపట్టడం లేదని అల్ప్రజోలామ్. ఆ తర్వాత బాత్‌రూమ్‌లో పడటం, ఈ వీల్‌చెయిర్.

ఇక్కడ ఏ డాక్టరూ చెడ్డవాడు కాదు. ఎవరి ముందున్న లక్షణానికి వాళ్ళు సరైన మందే రాశారు. మందు తెచ్చిన బాధను కొత్త జబ్బు అనుకోవడమే పొరపాటు. ఇలా ఒక మందు వెనక ఇంకో మందు వరసగా రావడాన్ని ప్రిస్క్రైబింగ్ క్యాస్కేడ్ అంటారు. ఫెలోషిప్‌లో మేం మొదటి నెల నుంచీ చెప్పేది ఇదే: పెద్దవాళ్ళలో కొత్త లక్షణం ఏది కనిపించినా, ముందు మందు వల్ల కాదని తేల్చుకుని ఆ తర్వాతే జబ్బు గురించి ఆలోచించండి. 1991లో మార్క్ బీర్స్ మొదలుపెట్టిన జాబితా ఒకటుంది, పెద్దవాళ్ళకి వీలైనంత వరకు ఇవ్వకూడని మందులవి. 2023లో మళ్ళీ సవరించారు. ఫోన్లో పెట్టుకోండి.

మందు ఆపడం మొదలుపెట్టడం కంటే కష్టం. అన్నీ ఒకేసారి లాగేస్తే ఇంకో ప్రమాదం. అల్ప్రజోలామ్ హఠాత్తుగా ఆపితే వణుకు, ఫిట్స్ రావచ్చు. లెవోడోపా ఉన్నట్టుండి ఆపకూడదు. ముందు ప్రోక్లోర్‌పెరాజిన్ ఆపించాం. ట్రైహెక్సీఫెనిడిల్ మెల్లగా తగ్గించాం. ఆమ్లోడిపిన్ మార్చాం, వాపు తగ్గాక ఫ్రూసెమైడ్‌తో పని లేకపోయింది. ప్రతిసారీ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి బీపీ చూడటం ఫెలో పని. ఈ బిగుసుకుపోవడం తగ్గడానికి వారాలు, నెలలు పడుతుంది. ఆ ఓపిక డాక్టరుకీ ఉండాలి, ఇంట్లోవాళ్ళకీ ఉండాలి. ఫెలో ప్రతివారం ఫోన్ చేసి కనుక్కుంటాడు. ఆఖరికి ఆవిడ కర్ర పట్టుకుని క్లినిక్ లోపలికి నడిచొస్తే, ఆ ఫెలో జీవితంలో ఇంకెప్పుడూ ఆపే తేదీ రాయకుండా ప్రోక్లోర్‌పెరాజిన్ రాయడు. ఎన్ని లెక్చర్లు విన్నా ఆ మార్పు రాదని నేను గట్టిగా నమ్ముతాను.

మతిమరుపు పరీక్ష సంగతి చూడండి. పుస్తకంలో ఉన్న ప్రశ్న, "ఈ రోజు తేదీ ఎంత?" పల్లెటూరి నుంచి వచ్చిన పెద్దమ్మకి తేదీ తెలియదు. తెలియదని సున్నా వేస్తే ఆవిడకి డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు అంటగట్టినట్టే. "పెద్దమ్మా, ఏకాదశి వెళ్ళి ఎన్నాళ్ళయింది?" అని అడిగి చూడండి. టక్కున చెబుతుంది. ఆ నెలలో ఏ పండగ వస్తుందో, నాట్లు పడ్డాయో లేదో చెబుతుంది. చదువు రానివాళ్ళకి పనికొచ్చేలా హిందీలో ఇలాంటి పరీక్ష ఎప్పుడో తయారైంది. తెలుగులో హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం చాలా పని చేసింది. 2013లో వాళ్ళు అచ్చు వేసిన అధ్యయనం ప్రపంచమంతా మాట్లాడుకున్నది. 648 మంది డిమెన్షియా రోగులను చూస్తే, ఒకే భాష వచ్చినవాళ్ళ కంటే రెండు అంతకన్నా ఎక్కువ భాషలు వచ్చినవాళ్ళలో జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడింది. చదువు రానివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసి మాట్లాడే హైదరాబాద్‌లో కాబట్టి ఆ అధ్యయనం సాధ్యమైంది. మన ఊళ్ళో మన మనుషుల మీద జరిగిన పని ఇది, మన పీజీల్లో ఎంతమందికి తెలుసు?

మతిమరుపుతో పాటే డెలీరియం కూడా నేర్చుకోవాలి. హఠాత్తుగా వచ్చే అయోమయం అది. గంటకో రకంగా ఉంటుంది. కేకలు వేసి సెలైన్ గొట్టం పీకేసుకునే పేషెంటు అందరికీ కనిపిస్తాడు. గోడవైపు తిరిగి చప్పుడు లేకుండా పడుకున్న తాతగారు ఎవరికీ కనిపించడు. "పాపం, నిద్రపోతున్నారు" అని రౌండ్స్ ముందుకు సాగిపోతుంది. ఎక్కువ ప్రమాదం తరచూ ఆయనకే. ఫెలో ఆ మంచం దగ్గర ఆగి, "తాతగారూ, వారాల పేర్లు వెనక నుంచి చెప్పండి, ఆదివారం, శనివారం..." అంటాడు. శుక్రవారం దగ్గర ఆగి కిటికీ వైపు చూస్తూ ఉండిపోతే, వెంటనే మూత్రం ఆగిందా, ఇన్ఫెక్షనుందా, సోడియం తగ్గిందా, నిన్న రాత్రి ఏ మందు కొత్తగా ఇచ్చారు, కళ్ళజోడూ వినికిడి మిషనూ ఎక్కడ పెట్టారు అని వెతకాలి. తరచూ అవి బీరువాలోనో, ఇంట్లోనో ఉంటాయి.

ఇంటికి వెళ్ళి చూడటం మన శిక్షణలో తప్పనిసరి చేయాలని నా గట్టి అభిప్రాయం. అర్ధగంటలో నాలుగు ఓపీ విజిట్ల కంటే ఎక్కువ తెలుస్తుంది. ఎత్తు గడప, తడి ఆరని బాత్‌రూమ్ గచ్చు, పట్టుకోవడానికి ఏమీ లేని కిందికి కూర్చునే దొడ్డి. హార్ట్ ఫెయిల్యూర్ అని ఉప్పు తగ్గించమని రాశాం, కంచంలో రెండు పూటలా ఆవకాయే. ఎందుకంటే ఒక్కరే ఉంటున్నారు, కూర వండుకునే ఓపిక లేదు. మందు డోసు పెంచితే ఇది తీరదు, కూర పంపే మనిషి దొరికితే తీరుతుంది.

ఇంట్లోవాళ్ళతో మాట్లాడటం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. "ఆయనకి చెప్పకండి డాక్టర్ గారూ" అని కూతురు కారిడార్‌లో పట్టుకుంటుంది. డల్లాస్ నుంచి కొడుకు అర్ధరాత్రి వీడియో కాల్‌లో "ఎంతైనా ఫరవాలేదు, వెంటిలేటర్ పెట్టండి" అంటాడు. రాత్రీపగలూ చూసుకుంటున్న కోడలిని ఎవరూ అడగరు. అసలు ఆ పెద్దాయనకి ఏం కావాలో ఆయన్ని ఎవరూ అడగరు. ఫెలో ముందు అందరినీ ఒక గదిలో కూర్చోబెడతాడు, అమెరికా కొడుకుని ఫోన్లో పెడతాడు, వాళ్ళకి ఇప్పటికే ఏం తెలుసో అడుగుతాడు. ఆ తర్వాతే చెప్పడం మొదలుపెడతాడు. చివరి దశలో ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కును 2018లో సుప్రీంకోర్టు గుర్తించింది, 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది. వార్డులో పనిచేసే చాలామంది డాక్టర్లకే ఇది చేరలేదు. ఈ సంభాషణను మొదటి పదిసార్లు గురువు పక్కన ఉండి వినాలి, తర్వాత ఫెలో ఎక్కడ తొందరపడ్డాడో విడిగా చెప్పాలి.

ఇక మన దగ్గరికి వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నాటికి 60 దాటినవాళ్ళు 12.4 శాతం, 2031కి 16.4 శాతం అవుతారని కేంద్రప్రభుత్వ అంచనా. పిల్లలు తగ్గారు, ఉన్న పిల్లలు బెంగళూరులోనో బే ఏరియాలోనో ఉన్నారు. మరి వైద్యులు? చెన్నైని చూడండి. బ్రిటన్‌లో శిక్షణ పొందివచ్చిన డాక్టర్ వి.ఎస్. నటరాజన్ 1978లో మద్రాస్ జనరల్ హాస్పిటల్‌లో వృద్ధులకు విడిగా ఓపీ పెట్టారు. దేశంలో మొదటి ఎండీ జెరియాట్రిక్స్ కోర్సు 1996లో అక్కడే, మద్రాస్ మెడికల్ కాలేజీలో వచ్చింది. ఓపీకీ కోర్సుకీ మధ్య పద్దెనిమిదేళ్ళు. ఇప్పుడు గిండీలో 200 పడకల జాతీయ వయోవృద్ధుల వైద్య కేంద్రం ఉంది. రైలెక్కితే ఒక రాత్రి ప్రయాణం మనకి.

2010లో కేంద్రం మొదలుపెట్టిన వృద్ధుల ఆరోగ్య కార్యక్రమంలో ప్రతి జిల్లా ఆసుపత్రికి పది పడకల వార్డు అని ఉంది. వార్డు ఉంటే చాలదు, అందులో నిలబడే డాక్టరు శిక్షణ పొందినవాడు కావాలి. లేకపోతే జనరల్ మెడిసిన్ వార్డుకి ఎక్స్‌ట్రా పడకలవుతాయి. 2024 అక్టోబర్ నుంచి 70 దాటిన అందరికీ ఆయుష్మాన్ భారత్ కింద ఐదు లక్షల రూపాయల దాకా చికిత్స ఉంది. మంచిదే. అయితే అది ఆసుపత్రిలో చేరినందుకు డబ్బిస్తుంది. చేరాల్సిన అవసరం రాకుండా గంటసేపు మందుల సంచి చూసిన డాక్టరుకి ఏమీ ఇవ్వదు. అమెరికాలో సీట్లు ఖాళీగా పోవడానికి కారణమైన లోపమే ఇది. మనం మొదట్లోనే సరిదిద్దుకోవాలి.

మీకున్న దారులు చెబుతాను. ఎంబీబీఎస్ అయ్యాక నీట్ పీజీ ప్రవేశ పరీక్షతో మూడేళ్ళ ఎండీ జెరియాట్రిక్స్, లేదా దానికి సమానమైన డీఎన్‌బీ. ఇప్పటికే ఉద్యోగంలో ఉన్న ఎంబీబీఎస్ డాక్టర్లకి ఇగ్నో సార్వత్రిక విశ్వవిద్యాలయం పీజీ డిప్లొమా ఉంది. ఎండీ జనరల్ మెడిసిన్ అయినవాళ్ళకి పెద్ద సంస్థల్లో ఫెలోషిప్‌లున్నాయి. చేరేముందు మూడు సంగతులు అడగండి. పేషెంట్లను నెలల తరబడి నాకే అప్పజెబుతారా? ఆసుపత్రి బయటికి, ఇళ్ళకి, వృద్ధాశ్రమాలకి తీసుకెళ్తారా? నేను పేషెంటుతో మాట్లాడుతుంటే పక్కన కూర్చుని చూసే గురువు ఎవరు? ఈ మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే చేరకండి. రెండు శని, ఆదివారాల్లో స్లైడ్లు చూపించి సర్టిఫికెట్ ఇచ్చేవి ఇప్పుడు బాగా పెరిగాయి. అవి ఆసక్తి పుట్టించడానికి పనికొస్తాయేమో గానీ, ఆ సర్టిఫికెట్ గోడకి తగిలించి జెరియాట్రిషియన్ అని బోర్డు పెట్టడం పెద్దవాళ్ళకి అన్యాయం చేయడమే.

ప్రిన్సిపాల్ గారు ఇక్కడే ఉన్నారు కాబట్టి ఒక మాట. సార్, సీట్లకి అనుమతి రావడానికి ఏళ్ళు పడుతుంది, నాకు తెలుసు. దానికోసం ఆగనక్కర్లేదు. వారానికి ఒక మధ్యాహ్నం, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక గది, వీల్‌చెయిర్ తిరిగేంత తలుపు, ఒక మంచం, రెండు కుర్చీలు, మందులు గుమ్మరించడానికి ఒక పెద్ద బల్ల. మెడిసిన్ నుంచి ఒక పీజీ, ఒక నర్సు, ఒక ఫిజియోథెరపిస్టు. గదిలో మూడు మీటర్ల దూరానికి నేల మీద ఒక గీత కూడా గీయించండి. కుర్చీలోంచి లేచి ఆ గీతదాకా నడిచి తిరిగొచ్చి కూర్చోవడానికి పన్నెండు సెకన్లు, ఆపైన పడితే ఆ మనిషి పడిపోయే ప్రమాదం ఉన్నట్టు. ఒక్క పూటకి ఆరుగురు పేషెంట్లు, అంతకు మించొద్దు. మీరు గది చూపించండి, ప్రతివారం వచ్చి ఆ పీజీల పక్కన నేను కూర్చుంటాను. ఏ వారం కుదురుతుందో ఇవాళ భోజనం దగ్గరే తేల్చుకుందాం.